డర్హమ్ కెథెడ్రల్‌లోని నల్లరాతి గీత: ఒక ఐతిహ్యం, దాని చరిత్ర

పరిచయం

ఇంగ్లండు ఈశాన్య ప్రాంతంలో వియర్ నది ఒక కొండను మూడు వైపులా చుట్టి ప్రవహిస్తుంది. ఆ కొండమీద డర్హమ్ కెథెడ్రల్ నిలిచి ఉంది. 1093లో పునాది వేసిన ఈ ఆలయాన్ని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. దాని ప్రధాన శాలలో, పడమటి చివర, నేలమీద ఒక నల్లని రాతిపట్టీ అడ్డంగా పరచి ఉంది. దాని మధ్యలో సిలువ ఆకారం ఉంది. మధ్యయుగంలో స్త్రీలు ఆ పట్టీని దాటి తూర్పుకు, అంటే బలిపీఠం వైపుకు, అడుగు వేయకూడదు. ఈ నియమానికి కారణంగా అక్కడి మఠవాసులు చూపినది బైబిలు వాక్యమూ కాదు, సంఘ శాసనమూ కాదు. ఆ ఆలయంలో సమాధి చేయబడిన పరిశుద్ధ కత్బర్ట్ స్త్రీల సాన్నిధ్యాన్ని సహించడని వారు చెప్పారు. నియమం తమది కాదనీ, పరిశుద్ధునిదనీ వారి వాదన.

ఈ వాదన నిజమేనా? కాకపోతే అది ఎప్పుడు పుట్టింది, ఎవరికి అవసరమైంది? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఇదే. ఇందుకు మూడు ప్రాచీన ఆధారాలు ముఖ్యమైనవి. మొదటిది, కత్బర్ట్ మరణించిన 20 ఏళ్ళలోపే లిండిస్‌ఫార్న్ మఠవాసి ఒకడు, తన పేరు చెప్పకుండా, రాసిన జీవిత చరిత్ర. రెండవది, సుమారు 721లో బీడ్ రాసిన జీవిత చరిత్ర. మూడవది, 12వ శతాబ్దారంభంలో డర్హమ్ మఠవాసి సిమియోను రాసిన డర్హమ్ సంఘ చరిత్ర. మొదటి రెంటికీ మూడవదానికీ మధ్య దాదాపు 400 ఏళ్ళ ఎడం ఉంది. మన ప్రశ్నకు జవాబు ఆ ఎడంలోనే ఉన్నది.

కత్బర్ట్: లిండిస్‌ఫార్న్ నుండి డర్హమ్ వరకు

635లో నార్తంబ్రియా రాజు ఓస్వాల్డ్ ఆహ్వానంపై అయోనా ద్వీపం నుండి ఐడన్ అనే మిషనరీ వచ్చి లిండిస్‌ఫార్న్ ద్వీపంలో మఠం స్థాపించాడు. 651లో ఐడన్ మరణించిన రాత్రి కొండలలో గొర్రెలు కాస్తున్న ఒక యువకునికి, దూతలు ఒక ఆత్మను పరలోకానికి తీసుకొనిపోతున్న దర్శనం కలిగింది. ఆ యువకుడే కత్బర్ట్. ఆయన మెల్రోస్ మఠంలో చేరాడు. తరువాత లిండిస్‌ఫార్న్ మఠంలో పెద్దగా ఉన్నాడు. 676 ప్రాంతంలో ఏకాంత ప్రార్థన కొరకు ఫార్న్ ద్వీపానికి వెళ్ళాడు. 685లో అయిష్టంగానే బిషప్పు పదవిని అంగీకరించి, రెండేళ్ళు ఊరూరా తిరిగి సువార్త ప్రకటించాడు. 687 మార్చి 20న ఫార్న్ ద్వీపంలోనే కన్నుమూశాడు. పదకొండేళ్ళ తరువాత, 698లో, సమాధి తెరచినప్పుడు దేహం చెడిపోకుండా ఉన్నదని బీడ్ రాశాడు. అప్పటినుండి ఆ సమాధి యాత్రాస్థలమైంది.

793లో సముద్రపు దొంగలైన వైకింగులు లిండిస్‌ఫార్న్‌ను కొల్లగొట్టారు. దాడులు ఆగకపోవడంతో 875లో మఠ సమాజం కత్బర్ట్ శవపేటికను ఎత్తుకొని ద్వీపం విడిచింది. ఏడేళ్ళు తిరిగి చివరకు చెస్టర్-లె-స్ట్రీట్‌లో స్థిరపడింది. 995లో అక్కడినుండి కూడా కదిలి, కొంతకాలం రిపన్‌లో ఉండి, డర్హమ్ కొండకు చేరింది. 998లో అక్కడ ఒక రాతి ఆలయాన్ని ప్రతిష్ఠించారు.

ఈ శవపేటిక మోసిన సమాజం ఎలాంటిదో గమనించాలి. వారిలో చాలామంది భార్యాబిడ్డలున్న గురువులు. పేటికను మోసిన ఏడుగురి సంతతివారు ఆ సంగతిని తమ వంశ గౌరవంగా చెప్పుకొనేవారని సిమియోనే రాశాడు. 995లో సమాజాన్ని డర్హమ్‌కు నడిపించిన బిషప్పు ఆల్డన్‌కు కుమార్తె ఉంది. ఆమెను ప్రాంతీయ ప్రభువైన ఊట్రెడ్‌కు ఇచ్చి పెండ్లి చేశాడు. కొండమీది అడవి కొట్టించి స్థలం సిద్ధం చేయడానికి ఊట్రెడ్ తన ప్రజలను పంపాడు. అంటే డర్హమ్ ఆలయానికి తొలి స్థలం ఒక బిషప్పు అల్లుని సహాయంతో సిద్ధమైంది. కత్బర్ట్ సమాధి చుట్టూ కుటుంబాలు కాపురమున్నాయి, పిల్లలు పెరిగారు.

ఆవు దారి చూపిన కథ

డర్హమ్ గురించి అందరికీ తెలిసిన ఐతిహ్యం ఆవు కథ. 995లో దారి మధ్యలో శవపేటిక కదలకుండా నిలిచిపోయింది. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేయగా, ఈడ్మర్ అనే సహోదరునికి ‘డన్‌హోమ్’ అనే చోటికి పోవాలని బయలుపరచబడింది. ఆ చోటు ఎక్కడో ఎవరికీ తెలియదు. అప్పుడు ఒక స్త్రీ తప్పిపోయిన తన ఆవును వెదుకుతూ, ఎదురుపడిన మరొక స్త్రీని అడిగింది. ఆవు డన్‌హోమ్‌లో ఉన్నదని ఆమె జవాబిచ్చింది. ఆ మాట విన్న మఠవాసులు వారి వెంట నడచి కొండకు చేరారు. కెథెడ్రల్ ఉత్తరపు గోడమీద నేటికీ ఆవు, స్త్రీల శిల్పం ఉంది. ఇప్పుడు కనబడే శిల్పం 18వ శతాబ్దానిది.

సిమియోను గ్రంథంలో పేటిక నిలిచిపోవడం, ఉపవాసం, ఈడ్మర్ దర్శనం ఉన్నాయి, ఆవు మాత్రం లేదు. ఆవు కథ మనకు లభించేది 16వ శతాబ్దాంతంలో రాసిన ‘డర్హమ్ ఆచారములు’ అనే గ్రంథంలో. పాత ఇంగ్లీషులో ‘డన్’ అంటే కొండ. మట్టి కలిసిన గోధుమ వన్నెకు కూడా ‘డన్’ అనే పేరుంది, కథలోని ఆవు రంగు అదే. ఊరి పేరుకు అర్థం చెప్పే ప్రయత్నంలో ఇటువంటి కథ పెరగడం సహజం. మన ఊళ్ళ పేర్లకు కూడా ఇలాంటి కథలు ఎన్నో ఉన్నాయి.

చరిత్రకారుడు సమాజం డర్హమ్ చేరడానికి వేరే కారణాలు చూస్తాడు. మూడు వైపుల నది, నిటారు గట్టు, అండగా నిలిచిన ప్రభువు. దాడులకు బెదిరిన సమాజానికి ఇంతకంటే మంచి స్థలం దొరకదు. అయినా ఆవు కథను తోసివేయవలసిన పనిలేదు. ఆ కథలో పురుషులకు దారి తెలియదు, దారి తెలిసినది ఇద్దరు పాలమ్మే స్త్రీలకు. ఏ ఆలయంలో స్త్రీలు గీత దాటరాదని చెప్పారో, ఆ ఆలయ స్థలాన్ని చూపినవారు స్త్రీలేనని ప్రజలు కథ చెప్పుకొన్నారు. మఠవాసులు రాసిన చరిత్రకు ప్రక్కన ప్రజల జ్ఞాపకం మరొక విధంగా నడిచిందనడానికి ఇది ఒక సూచన.

1083: సమాజం మారిన సంవత్సరం

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఉత్తర ప్రాంతం వారికి సులభంగా లొంగలేదు. 1069లో రాజు పంపిన అధికారి రాబర్ట్ కుమిన్‌ను డర్హమ్ ప్రజలు చంపారు. దానికి ప్రతీకారంగా విలియం రాజు ఉత్తర దేశాన్ని తగులబెట్టించాడు. 1080లో బిషప్పు వాల్చర్ కూడా గేట్స్‌హెడ్‌లో హత్యకు గురయ్యాడు. అతని తరువాత వచ్చినవాడు విలియం ఆఫ్ సెయింట్ కలే. ఇతడు స్వయంగా బెనెడిక్టైన్ మఠవాసి, రాజుకు నమ్మకస్థుడు.

1083 మేలో ఈ బిషప్పు డర్హమ్‌లోని పాత సమాజాన్ని తొలగించి, వేర్‌మత్, జారో మఠాల నుండి 23 మంది బెనెడిక్టైన్ మఠవాసులను తెచ్చి కత్బర్ట్ సమాధి సేవను వారికి అప్పగించాడు. పాత గురువులకు ఒక అవకాశం ఇచ్చారు. భార్యాబిడ్డలను విడిచి మఠవ్రతం తీసుకొంటే ఉండవచ్చు, లేదా వెళ్ళిపోవాలి. అంగీకరించినవాడు ఒక్కడేననీ, అతడు కూడా మఠవాసియైన తన కుమారుడు నచ్చజెప్పగా ఒప్పుకొన్నాడనీ సిమియోను రాశాడు.

వెళ్ళిపోయిన కుటుంబాలలో ఒకదాని సంగతి మనకు తెలుసు. 11వ శతాబ్దం మొదటి భాగంలో ఆల్‌ఫ్రెడ్ అనే గురువు కత్బర్ట్ సమాధిని భక్తితో కాపాడాడు. బీడ్ ఎముకలను జారో నుండి డర్హమ్‌కు తెచ్చినవాడు కూడా అతడేనని చెబుతారు. అతని వంశంలోని ఐలాఫ్ డర్హమ్ ఆలయ కోశాధికారిగా ఉండి, 1083 మార్పుతో హెక్సమ్‌కు వెళ్ళిపోయాడు. ఆ ఐలాఫ్ మనుమడే ఆధ్యాత్మిక స్నేహాన్ని గురించి రాసిన రీవో మఠాధిపతి ఎల్రెడ్. సంఘచరిత్ర తరగతులలో మనం గౌరవంతో చదివే ఈ భక్తుడు, డర్హమ్ నుండి వెళ్ళగొట్టబడిన ఒక గురువు ఇంటి బిడ్డ.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ కాలంలో పోపు 7వ గ్రెగొరీ నాయకత్వంలో జరిగిన సంస్కరణకు బలమైన కారణాలున్నాయి. సంఘ ఆస్తులు తండ్రి నుండి కొడుకుకు పోవడం, పదవులు కొనుక్కోవడం నిజమైన సమస్యలే. కొత్త మఠవాసులు ప్రార్థనలోను చదువులోను క్రమశిక్షణ కలవారు. బిషప్పు విలియం వారికి సుమారు 50 గ్రంథాలు ఇచ్చాడు. అయితే వారికి ఒక చిక్కు ఉంది. రెండు వందల ఏళ్ళు పేటికను కాపాడినవారు వెళ్ళగొట్టబడిన ఆ కుటుంబాలవారే. వారికంటే తామే కత్బర్ట్‌కు నిజమైన వారసులమని కొత్తవారు ఏ విధంగా చూపగలరు?

కొత్త ఆలయం, కొత్త చరిత్ర

వారు రెండు విధాలుగా జవాబిచ్చారు. మొదటిది రాతిలో. పాత ఆలయాన్ని పడగొట్టి 1093 ఆగస్టు 11న కొత్త ఆలయానికి పునాది వేశారు. 1104లో తూర్పు భాగం సిద్ధమై కత్బర్ట్ దేహాన్ని అందులోకి చేర్చారు. 1133 నాటికి ప్రధాన శాలపై రాతి కప్పు పూర్తయింది. అంతకుముందు పెద్ద ఆలయాలకు ఎక్కువగా చెక్క కప్పులే ఉండేవి. డర్హమ్‌లో రాతి పక్కటెముకల వంటి వంపుల మీద కప్పును నిలిపారు, శాలలో ఆ వంపులను కొనదేలిన ఆకారంలో కట్టారు. తరువాతి గోతిక్ ఆలయాలకు ఇది దారి చూపింది. శాలలోని గుండ్రని స్తంభాల ఎత్తు సుమారు 6.6 మీటర్లు, చుట్టుకొలత కూడా అంతే. నలభై ఏళ్ళలో ఇంత నిర్మాణం చేసిన వారి విశ్వాసాన్నీ నైపుణ్యాన్నీ తక్కువ చేయలేము.

రెండవ జవాబు గ్రంథంలో. 1104 తరువాత కొద్ది కాలానికే సిమియోను డర్హమ్ సంఘ చరిత్రను రాశాడు. అతని వాదన ప్రకారం ఐడన్, కత్బర్ట్‌ల కాలంలో లిండిస్‌ఫార్న్‌లో ఉన్నది మఠ సమాజం. వివాహిత గురువులు మధ్యలో వచ్చినవారు. 1083లో జరిగినది పాత స్థితిని తిరిగి నెలకొల్పడం మాత్రమే. ఈ చరిత్రలోనే కత్బర్ట్‌కు స్త్రీలు గిట్టరనే కథలు మనకు మొదటిసారిగా కనబడతాయి.

ఒక కథలో గామెల్ అనే వ్యక్తి భార్య సుంగియోవా విందు నుండి భర్తతో కలిసి ఇంటికి వస్తున్నది. దారి బురదగా ఉన్నందున ఇద్దరూ ఆలయ ప్రాంగణంలోనుండి అడ్డదారిన నడిచారు. ఆమెకు భయం పట్టుకొంది, ప్రాంగణం దాటగానే కూలిపోయింది. ఆ రాత్రే మరణించింది. మరొక కథ టోస్టిగ్ ప్రభువు భార్య జూడిత్‌ది. భక్తిగల ఈమె సమాధి దగ్గర ప్రార్థించాలని కోరి, ముందుగా తన పనిపిల్లను పంపింది. ఆ పిల్ల ప్రాంగణంలో అడుగుపెట్టగానే పెద్ద గాలి వీచి వెనుకకు నెట్టింది. ఆమె జబ్బుపడి చనిపోయింది. భయపడిన జూడిత్ క్షమాపణగా సిలువను, దానితోపాటు మరియ, యోహానుల ప్రతిమలను వెండి బంగారాలతో చేయించి ఇచ్చిందట. యజమానురాలి కోరికకు పనిపిల్ల ప్రాణం బలి అయినా, కథ చెప్పినవారు అందులో అన్యాయాన్ని చూడలేదు. పాఠకుడు ఆ పిల్లను మరువరాదు.

ఈ ద్వేషానికి సిమియోను ఒక కారణం కూడా చూపాడు. కోల్డింగ్‌హామ్‌లో స్త్రీపురుషులు కలిసి ఉన్న మఠం క్రమం తప్పి, దైవశిక్షగా కాలిపోయిందనీ, దాని తరువాత కత్బర్ట్ తన మఠంలో స్త్రీలను దూరంగా ఉంచాడనీ అతని వివరణ. కోల్డింగ్‌హామ్ దహనం బీడ్ చరిత్రలో ఉన్న సంఘటనే. కానీ బీడ్ ఆ అధ్యాయంలో కత్బర్ట్ పేరు కూడా ఎత్తలేదు.

తొలి ఆధారాలలోని కత్బర్ట్

ఇప్పుడు 400 ఏళ్ళు వెనుకకు పోయి తొలి జీవిత చరిత్రలను తెరుద్దాం. అక్కడ కనబడే కత్బర్ట్ వేరొక మనిషి.

బాల్యంలో తనను పెంచిన కెన్స్‌విత్‌ను ఆయన తల్లిగా భావించి, తరచు చూడబోయేవాడు. కోల్డింగ్‌హామ్ మఠాధ్యక్షురాలు ఎబ్బా పిలిస్తే వెళ్ళి, కొన్నాళ్ళు ఉండి, అక్కడి స్త్రీపురుషులకు బోధించాడు. రాత్రి సముద్రంలో నిలిచి ప్రార్థించి ఒడ్డుకు రాగా నీటికుక్కలు ఆయన పాదాలు తుడిచిన ప్రసిద్ధ కథ జరిగింది ఆ మఠం దగ్గరే. విట్‌బీ మఠాధ్యక్షురాలు, రాజు సహోదరియైన ఎల్‌ఫ్లెడ్ ఆయనకు సన్నిహిత స్నేహితురాలు. ఆమె జబ్బుపడితే కత్బర్ట్ నారబట్ట నడికట్టు పంపాడు. ఆమె కోరగా కోకెట్ ద్వీపంలో కలుసుకొని రాజ్యం భవిష్యత్తు గురించి మాట్లాడాడు. బిషప్పుగా ఉన్న చివరి రోజులలో కూడా ఆమెతో ఒకే బల్లవద్ద భోజనానికి కూర్చున్నాడు. తెగులు వ్యాపించిన ఊరిలో ఒక బిడ్డను పోగొట్టుకొని, చావుబ్రతుకులలో ఉన్న మరొక బిడ్డను ఎత్తుకొని ఏడుస్తున్న తల్లిని చూచి, ఆ బిడ్డను ముద్దుపెట్టుకొని ఆమెను ధైర్యపరచాడు.

అన్నింటికంటే ముఖ్యమైన సాక్ష్యం ఆయన మరణ సమయానిది. వెర్కా అనే మఠాధ్యక్షురాలు ఆయనకు ఒక నారబట్ట కానుకగా ఇచ్చింది. బ్రతికి ఉండగా దానిని కట్టుకోవడానికి ఆయన ఇష్టపడలేదు. అయితే ఆమెపై ప్రేమ చేత దానిని దాచి ఉంచాననీ, తన దేహాన్ని అందులో చుట్టమనీ శిష్యులతో చెప్పాడని బీడ్ రాశాడు. స్త్రీల నీడ కూడా సహించనివాడు ఒక స్త్రీ ఇచ్చిన వస్త్రంలో సమాధి చేయబడాలని కోరుకొంటాడా?

కోల్డింగ్‌హామ్ వివరణ కూడా దీనితో నిలవదు. ఎల్‌ఫ్లెడ్‌తో భోజనం, వెర్కా కానుక గురించిన చివరి మాట కత్బర్ట్ జీవితపు ఆఖరి రోజులకు చెందినవి. ఆయన మనస్సులో అటువంటి మార్పు వచ్చినట్లు తొలి చరిత్రకారులకు తెలియదు. 1083కు ముందు రాసిన ఏ ఆధారంలోను ఈ స్త్రీద్వేషం కనబడదని చరిత్రకారిణి విక్టోరియా ట్యూడర్ 1984లో ప్రచురించిన వ్యాసంలో వివరంగా చూపారు. ఆమె నిర్ణయంతో మేము ఏకీభవిస్తున్నాము. వివాహిత గురువులను వెళ్ళగొట్టిన చర్యకు ఒక సమర్థన కావలసి వచ్చింది. సమాధి దగ్గర స్త్రీలు ఉండటమే పరిశుద్ధునికి అవమానమైతే, భార్యలున్న గురువులు అక్కడ ఉండటం మరెంత అవమానం? ఆ విధంగా ఒక తరం చేసిన నిర్ణయం పరిశుద్ధుని స్వభావంగా మారిపోయింది.

గలిలయ చాపెల్

సుమారు 1170లలో బిషప్పు హ్యూ కన్య మరియ పేరిట ఒక చాపెల్ కట్టడం ప్రారంభించాడు. ఆచారం ప్రకారం దానిని ఆలయం తూర్పు చివర, కత్బర్ట్ సమాధికి సమీపంగా మొదలుపెట్టాడు. గోడలు పగుళ్ళిచ్చాయి. స్త్రీలు తన దగ్గరకు రావడం కత్బర్ట్‌కు ఇష్టంలేదని దీనికి అర్థం చెప్పారు. అప్పుడు పని ఆపి, పడమటి చివర, నది గట్టు అంచున చాపెల్ కట్టారు. స్త్రీలు ప్రవేశించగల ఈ చోటికి ‘గలిలయ’ అని పేరు వచ్చింది. సన్నని స్తంభాలు, వాటిపై చెక్కిన వంకర గీతల కమానులతో ఇది కెథెడ్రల్‌లో మిక్కిలి అందమైన భాగాలలో ఒకటి. బీడ్ ఎముకలను 1370లో ఇక్కడికి మార్చారు. నేటికీ ఆయన సమాధి ఇక్కడే ఉంది.

ఈ ఐతిహ్యానికి జవాబు ఆ ఆలయంలోనే ఉంది. 1242లో అదే తూర్పు చివర తొమ్మిది బలిపీఠాల చాపెల్ కట్టడం మొదలుపెట్టారు. నేలను తగ్గించి పునాదిని లోతుగా వేశారు. అది నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉంది. పగిలిన గోడలకు కావలసింది లోతైన పునాది. పరిశుద్ధుని కోపం అక్కడ వెదకనవసరం లేదు. సాంకేతిక వైఫల్యానికి ఆత్మీయ కారణం చెప్పి, ఆ భారాన్ని స్త్రీలపై మోపడం మాత్రం జరిగిపోయింది.

‘గలిలయ’ అనే పేరు కూడా ఆలోచింపజేస్తుంది. మత్తయి 28వ అధ్యాయంలో పునరుత్థాన ప్రభువు శిష్యులను గలిలయకు రమ్మని చెప్పి పంపినది స్త్రీల చేతనే. ఆ వార్త మోసినవారిని ఆ పేరుగల గదివరకే ఆపివేశారు.

గీత ఎంత గట్టిగా అమలైనదో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 14వ శతాబ్దంలో 3వ ఎడ్వర్డు రాజు భార్య ఫిలిప్పా రాణి డర్హమ్ వచ్చి, రాజుతో మఠం ఆవరణలోని గదిలో విశ్రమించింది. మఠవాసులు అభ్యంతరం తెలుపగా, ఆమె రాత్రివేళ లోపలి దుస్తులతోనే లేచి కోటకు వెళ్ళిపోయిందని మఠ చరిత్ర చెబుతుంది. దేశపు రాణికే ఇది తప్పకపోతే, దూరం నుండి కాలినడకన వచ్చిన పేద యాత్రికురాలి సంగతి చెప్పనక్కరలేదు.

సమాధి తెరచినప్పుడు

1539 డిసెంబరులో 8వ హెన్రీ రాజు ఆజ్ఞ ప్రకారం డర్హమ్ మఠం మూతపడింది. ఆ కాలంలోనే రాజు మనుషులు సమాధి మందిరాన్ని పగులగొట్టి, అలంకారాలను తీసివేశారు. దేహాన్ని అదే స్థలంలో నేలక్రింద పాతిపెట్టారు. 1541లో కెథెడ్రల్ కొత్త ఏర్పాటుతో తిరిగి స్థాపించబడింది. చివరి మఠ పెద్ద హ్యూ వైట్‌హెడ్ దాని మొదటి డీన్ అయ్యాడు. 1563 నుండి 1579 వరకు డీన్‌గా ఉన్నవాడు విలియం విట్టింగ్‌హామ్. జెనీవా బైబిలు అనువాదంలో ముఖ్య పాత్ర వహించిన పండితుడు ఈయనే. ఈయన భార్య కాథరిన్, కత్బర్ట్ ధ్వజాన్ని తన ఇంటి పొయ్యిలో కాల్చివేసిందని ‘డర్హమ్ ఆచారములు’ నిందిస్తుంది. ఆ గ్రంథకర్త పాత ఆచారాలను ప్రేమించినవాడు కాబట్టి అతని మాటను ఒక పక్షం సాక్ష్యంగానే తీసుకోవాలి. ఏమైనా 1083లో వెళ్ళగొట్టబడిన గురువుల భార్యలు 480 ఏళ్ళ తరువాత డీన్ గారి భార్య రూపంలో డర్హమ్‌కు తిరిగి వచ్చినట్లయింది.

1827 మేలో కెథెడ్రల్ గ్రంథాలయాధికారి జేమ్స్ రెయిన్ సమక్షంలో సమాధి తెరిచారు. వస్త్రాలలో చుట్టిన అస్థిపంజరం, చెక్కిన పేటిక ముక్కలు, ఎర్రరాళ్ళు పొదిగిన బంగారు సిలువ దొరికాయి. దానితోపాటు బంగారు జరీతో కుట్టిన గురువస్త్రాలు కూడా దొరికాయి. వాటిపై కుట్టిన అక్షరాలు వాటిని చేయించినది ఎల్‌ఫ్లెడ్ అని తెలియజేస్తాయి. ఈమె విట్‌బీ మఠాధ్యక్షురాలు కాదు, 10వ శతాబ్దపు రాణి, ఎడ్వర్డు రాజు భార్య. వించెస్టర్ బిషప్పు కొరకు ఆమె చేయించిన ఈ వస్త్రాలను తరువాత ఏథెల్‌స్టాన్ రాజు కత్బర్ట్ సమాధికి సమర్పించాడు.

స్త్రీలను గీత అవతల నిలిపిన కాలమంతా, గీత ఇవతల పేటికలో, పరిశుద్ధుని దేహం దగ్గర ఒక స్త్రీ చేయించిన వస్త్రాలు ఉన్నాయి. వాటిపై ఆమె పేరు ఉంది. మఠవాసులు చెప్పిన కథకు ఇంతకంటే బలమైన ఎదురు సాక్ష్యం అవసరం లేదు.

మన సంఘాలకు పాఠాలు

మొదటిది, ఐతిహ్యాన్ని తోసివేయకూడదు, గ్రుడ్డిగా నమ్మకూడదు. దానిని ప్రశ్నించాలి. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? చెప్పడం వలన ఎవరికి మేలు కలిగింది, ఎవరు బయట నిలబడవలసి వచ్చింది? సిమియోను కథలు 7వ శతాబ్దపు కత్బర్ట్ గురించి చెప్పేది తక్కువ, 12వ శతాబ్దపు డర్హమ్ గురించి చెప్పేది ఎక్కువ. ఆ దృష్టితో చదివితే అవి విలువైన ఆధారాలే.

రెండవది, సంఘాలలో నియమానికి అధికారం తేవడానికి చనిపోయిన భక్తుల పేర్లు వాడుకోవడం చాలా సులభం, ఎందుకంటే వారు లేచి కాదని చెప్పలేరు. మన తెలుగు సంఘాలలో కూడా ఫలానా దొరగారు అలా పెట్టారు, పెద్ద పాస్టరుగారు అలా నేర్పారు అనే మాట తరచు వింటాము. ఫలానా వారు పీఠం దగ్గరకు రాకూడదు, ఫలానా వారు వాక్యం చదవకూడదు, ఫలానా పేటవారు ఆ వరుసలో కూర్చోకూడదు. ఆ దొరగారి ఉత్తరాలు, ఆనాటి సంఘ కమిటీ పుస్తకాలు తీసి చదివితే అవి ఆ మాటను నిలబెడతాయో లేదో తెలుస్తుంది. జూబిలీ సంచికలు సిద్ధం చేసే కాపరులు ఈ పని చేయగలరు, చేయాలి. సువార్త ఇంటింటికీ చేర్చిన బైబిలు స్త్రీల పేర్లు ఆ పాత పుస్తకాలలోనే ఉంటాయి.

మూడవది, సంస్కరణ పేరుతో చేసిన మంచిపనిలో కూడా అన్యాయం చోటుచేసుకోవచ్చు. డర్హమ్ మఠవాసులు ప్రార్థనాపరులు, పండితులు, గొప్ప నిర్మాతలు. అయినప్పటికీ తమ స్థానాన్ని నిలుపుకోవడానికి ఒక భక్తుని స్వభావాన్ని మార్చి రాశారు. ఆలయం ఎంత గొప్పదైనా ఆ గీతను సమర్థించలేదు. ఎఫెసీయులకు 2:14లో పౌలు చెప్పిన మధ్యగోడ పడిపోయిన తరువాత మళ్ళీ కట్టడానికి ఎవరికీ అధికారం లేదు.

ముగింపు

2013లో దక్షిణ ఇండియా సంఘం తన మొదటి మహిళా బిషప్పుగా ఇ. పుష్పలలిత గారిని నంద్యాల అధ్యక్ష మండలంలో అభిషేకించింది. ఇంగ్లండు సంఘంలో మొదటి మహిళా బిషప్పు అభిషేకం 2015 జనవరిలో యార్క్‌లో జరిగింది. ఈ విషయంలో తెలుగు నేల ఇంగ్లండుకంటే ముందు నడిచింది. అయినా మన గ్రామ సంఘాలలో నేలమీద కనబడని గీతలు ఇంకా ఉన్నాయి.

డర్హమ్‌లో నల్లరాతి పట్టీని తవ్వి పారవేయలేదు. అది అక్కడే ఉంది. ఇప్పుడు స్త్రీలు దానిని దాటి నడుస్తారు, బలిపీఠం వద్ద సేవ చేస్తారు. గీతను దాచకుండా, దాని వెనుక ఉన్న కథను దాచకుండా చెప్పడమే సంఘచరిత్ర చేయవలసిన పని. కత్బర్ట్‌కు మనం చేయగల న్యాయం కూడా అదే. ఎబ్బా ఇంట బోధించినవాడు, ఎల్‌ఫ్లెడ్‌తో బల్లవద్ద కూర్చున్నవాడు, వెర్కా ఇచ్చిన బట్టలో సమాధి చేయబడాలని కోరినవాడు ఎవరో, ఆ కత్బర్ట్‌ను మన విద్యార్థులకు పరిచయం చేద్దాం.